సీసం గోబ్లిన్లు, ఫోమ్ నేలమాళిగ: నా అనుభవం

పాత సీసం బొమ్మ చేతిలోకి తీసుకుంటే ముందు తెలిసేది దాని బరువు. అంగుళం ఎత్తు కూడా లేని గోబ్లిన్ (ఇంగ్లీషు కథల్లోని పొట్టి రాక్షసుడు), అయినా అరచేతిలో ఒకడున్నాడని తెలుస్తూనే ఉంటుంది. ఇప్పటి ప్లాస్టిక్ బొమ్మల్లో ఎంత నగిషీ ఉన్నా ఆ బరువు లేదు. పాత ఆట బొమ్మలకి కొత్తగా రంగులు వేసి, వాటికి ఫోమ్‌తో నేలమాళిగ కట్టే ఈ పిచ్చిలో ఎందుకు పడ్డావని ఎవరైనా అడిగితే నేను నిజంగా చెప్పగలిగింది ఇదొక్కటే, మిగతావన్నీ తర్వాత కూర్చుకున్న కారణాలు.

మేముండేది ఇంగ్లండ్‌లో, నాటింగ్‌హామ్ దగ్గర. ఉద్యోగం కోసం వచ్చినప్పుడు ఇది రాబిన్‌హుడ్ ఊరు అని మాత్రమే తెలుసు. బొమ్మల సైన్యాలతో ఆడుకునేవాళ్లు ఈ చుట్టుపక్కల ప్రాంతాన్ని "లెడ్ బెల్ట్" అంటారని, అంటే సీసం సీమ అని, చాలా తర్వాత తెలిసింది. సిటడెల్ మినియేచర్స్ అనే బొమ్మల కంపెనీ 1970ల చివర్లో ఇక్కడికి దగ్గరే, న్యూఆర్క్‌లో మొదలైంది. దాంతో కలిసి నడిచిన ఆటల కంపెనీ గేమ్స్ వర్క్‌షాప్ 1975లో లండన్‌లో పుట్టినా తర్వాత మకాం ఇటు మార్చింది, వాళ్ల హెడ్డాఫీసు ఇప్పటికీ నాటింగ్‌హామ్‌లో లెంటన్ అనే పేటలోనే ఉంది. అక్కడ శిల్పులుగా, పోత పోసేవాళ్లుగా చేసినవాళ్లు బయటికొచ్చి సొంత కంపెనీలు పెట్టుకున్నారు, వాళ్లలో చాలామంది ఈ జిల్లా దాటి పోలేదు. అందువల్ల ఇక్కడ ఎవరి అటక దులిపినా పాత సీసం రాలే అవకాశం ఉంది. ఆదివారం పొద్దున్నే మైదానంలో కార్లు వరసగా పెట్టి డిక్కీలు తెరిచి పాత సామాను అమ్ముతారు, కార్ బూట్ సేల్ అంటారు. అక్కడ ఒక బిస్కెట్ డబ్బా నిండా బొమ్మలు, పైన హీరోక్వెస్ట్ పెట్టె ఒకటి, రెండూ కలిపి బేరమాడి తెచ్చుకున్నాను. హీరోక్వెస్ట్ 1989లో వచ్చిన బోర్డు గేమ్: అనాగరిక వీరుడు, మరుగుజ్జు, ఎల్ఫ్, మాంత్రికుడు, ఈ నలుగురూ కలిసి నేలమాళిగలోకి దిగి రాక్షసుల పని పడతారు. పెట్టె మూల చిరిగింది, బొమ్మలు మాత్రం దాదాపు అన్నీ ఉన్నాయి.

ఇంటికొచ్చాక మొదటి పని ఎవరు ఎవరో తెలుసుకోవడం. సిటడెల్ వాళ్ల బొమ్మలకి 1980ల మధ్య నుంచి కాళ్ల కింద సన్నటి పట్టీ ఉంటుంది, అది ప్లాస్టిక్ బేస్‌లో ఉన్న గాడిలో దిగుతుంది. ఆ పట్టీ మీద చాలాసార్లు కంపెనీ పేరు, సంవత్సరం, కొన్నిటికి బొమ్మ పేరు కూడా పోతలోనే వచ్చి ఉంటాయి. అంతకు ముందువాటికి పట్టీ లేదు, కాళ్ల కింద సీసం దిమ్మ కలిసే ఉంటుంది. నా డబ్బాలో రెండు రకాలూ ఉన్నాయి. పాత కేటలాగుల బొమ్మలు కలెక్టర్లు నెట్‌లో పెట్టారు కాబట్టి భూతద్దం, ఓపిక ఉంటే చాలావరకు పట్టుకోవచ్చు. నిజం చెప్పాలంటే రంగులు వేయడం కన్నా ఈ డిటెక్టివ్ పనే కొన్ని రాత్రులు ఎక్కువ మజా ఇచ్చింది.

సీసం గురించి ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే ఇంట్లో పిల్లలుంటే ఇది ముందు ఆలోచించాల్సిన సంగతి. అప్పటి పోత లోహంలో తగరంతో పాటు సీసం బాగా ఉండేది. 1993 ప్రాంతంలో న్యూయార్క్ రాష్ట్రంలో సీసం బొమ్మల మీద చట్టం గొడవ లేచాక అమెరికా కంపెనీలు వేరే మిశ్రమాలకి మారడం మొదలుపెట్టాయి, 1990ల చివరికి ఇక్కడ కూడా సీసం లేని తెల్లలోహం వచ్చింది. పాత బొమ్మని తాకినంత మాత్రాన ఏమీ అయిపోదు, అసలు ప్రమాదం నోట్లోకో ఊపిరిలోకో వెళ్లే దుమ్ముతో. అందుకని ఆకురాయి పెట్టేటప్పుడు తడి చేసి పెడతాను, ఆ బల్ల మీద తిండీ టీ ఉండవు, లేచేముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కుంచె కొసని పెదాలతో తడిపి మొన తీసే అలవాటు ఈ హాబీలో చాలామందికి ఉంది, సీసం బొమ్మల దగ్గర అది వద్దేవద్దు. మా వాడు రంగులు పూర్తయి వార్నిష్ పడ్డ బొమ్మల్నే ముట్టుకోవాలి, ఇది ఇంట్లో చట్టం.

కొన్నిటి మీద తెల్లటి పొడి కనిపించింది. దీన్ని లెడ్ రాట్ అంటారు, సీసానికి పట్టే చీడ. చెక్కలోంచి, ముఖ్యంగా ఓక్ చెక్కలోంచి, వచ్చే ఆమ్లం ఆవిరి తేమతో కలిసి సీసాన్ని తినేస్తుంది, ఆ పొడి కూడా విషమే. పాతకాలం ఓక్ బీరువాలో ముద్దుగా దాచుకున్న బొమ్మలే ఎక్కువ పాడవుతాయంటే జాలేస్తుంది. లోతుగా తిన్నవాటిని పక్కన పెట్టేశాను. పైపైన పట్టినవాటిని తడిగా తోమి, బాగా ఆరబెట్టి, ఆలస్యం చేయకుండా ప్రైమర్ కొట్టాను. ఇప్పుడన్నీ ప్లాస్టిక్ డబ్బాల్లోనే ఉంటున్నాయి.

ఇక పాత రంగు వదిలించడం. ఎనభైల్లో ఇక్కడి పిల్లలు ఎనామిల్ డబ్బాలో కుంచె ముంచి నేరుగా పూసేవాళ్లు, దాని మీద ఇంకో పూత, తమ్ముడి చేతికొచ్చాక ఇంకోటి. ముక్కూ మూతీ పూడిపోయి ఎవడు గోబ్లినో ఎవడు మరుగుజ్జో తెలియని స్థితి. దీనికి ఇక్కడివాళ్లు తరతరాలుగా వాడే మందు ఏంటో తెలుసా? డెట్టాల్! మన ఇళ్లల్లో మోకాలు చెక్కుకుపోతే రాసే అదే గోధుమరంగు డెట్టాల్. నీళ్లు కలపకుండా జామ్ సీసాలో పోసి బొమ్మల్ని ఒకట్రెండు రోజులు నానబెడితే రంగు ముడతలు పడి వదులవుతుంది, పాత టూత్‌బ్రష్‌తో తోమాలి, గ్లోవ్స్ తప్పనిసరి. దీనిలో ఒక కిటుకు ఉంది. తోమిన బొమ్మని నేరుగా కుళాయి కింద పెడితే ఊడిన రంగంతా తారు ముద్దయి బొమ్మకే అంటుకుంటుంది, దాన్ని వదిలించడం మొదటి పని కన్నా కష్టం. ముందు వేరే గిన్నెలో తాజా డెట్టాల్‌తోనే కడిగి, తుడిచి, అప్పుడు సబ్బునీళ్లు వాడాలి. మిగిలిన మురికిని సింకులో పోయకూడదు. మా ఆవిడ ఆఫీసు నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగి "ఎవరికి ఏమైంది?" అంది. ఎవరికీ ఏమీ కాలేదు, ముప్పైమంది గోబ్లిన్లకి స్నానం అన్నాను. ఆ తర్వాత ఈ కార్యక్రమం గ్యారేజీకి మారింది. మరీ మొండి ఎనామిల్‌కి అసిటోన్ ఉంది, అది లోహం బొమ్మలకి మాత్రమే. హీరోక్వెస్ట్ ప్లాస్టిక్ వీరుణ్ణి అందులో వేస్తే మిగిలేది బంక.

రంగు ఊడాక అసలు శిల్పం బయటపడుతుంది, నాకు ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం అదే. ఇప్పటివి కంప్యూటర్‌లో చెక్కుతున్నారు, కుడి ఎడమలు సరిసమానంగా, బెల్టు మీద కుట్టుతో సహా కనిపిస్తాయి. అప్పటివి తీగ మీద ఎపాక్సీ ముద్ద పెట్టి వేళ్లతో, సూదులతో, అదే సైజులో మలిచినవి. ఆ ముద్ద మన ఎంసీల్ కుటుంబానికి చెందిందే, కాకపోతే మెల్లగా గట్టిపడుతుంది, సాగుతుంది. మలిచినదాన్ని గుండ్రటి రబ్బరు పలకల మధ్య ఒత్తి అచ్చు తీసి, ఆ అచ్చుని గిర్రున తిప్పుతూ నడిమధ్యలో కరిగిన లోహం పోస్తారు. రెండు పలకలూ కలిసేచోట బొమ్మ మీద సన్నటి గీత మిగులుతుంది, దాన్ని చాకు వెనకవైపుతో గీకాలి. శిల్పి చెయ్యి ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ సరదా పడిందో తెలుస్తుంది. కెవ్ ఆడమ్స్ చెక్కిన గోబ్లిన్లంటే నాకు ప్రాణం. ఏ రెండు మొహాలూ ఒకలా ఉండవు: ఒకడు వెకిలిగా ఇకిలిస్తుంటాడు, ఒకడు పక్కవాడి జేబు వైపు చూస్తుంటాడు, ఒకడికి అసలు ఇక్కడికెందుకొచ్చానన్న దిగులు.

విరిగిన ఈటెలూ చేతులూ అతికించడానికి వట్టి సూపర్‌గ్లూ చాలదు. చేత్తో తిప్పే చిన్న డ్రిల్లుతో రెండువైపులా రంధ్రం పెట్టి, మధ్యలో ఇత్తడి తీగ ముక్క దింపి అతికించాలి. వంగిన సీసం కత్తిని వేళ్లతో నెమ్మదిగా, ఒకే ఊపులో సరిచేయాలి, ఇటూ అటూ వంచితే తెగుతుంది. ప్లాస్టిక్ కత్తి అయితే వేడినీళ్లలో ముంచి నిలబెట్టి చల్లనీళ్లలో పెడితే సరిపోతుంది.

ఎదురింటి పెద్దాయన ఎనభైల్లో ఈ ఆటలాడినవాడు, ఇప్పుడు మనవలతో మళ్లీ మొదలుపెట్టాడు. ఆయన నాకిచ్చిన సలహా ఒక్కటే: బొమ్మని మొహం దగ్గర పెట్టుకుని చూడకు, బల్ల మీద పెట్టి చెయ్యి చాచినంత దూరం నుంచి చూడు, ఆట ఆడేవాడు చూసేది అక్కడినుంచే. తర్వాత నేను చేసిన ప్రతిదాన్నీ, బొమ్మ అయినా గోడ అయినా, ఆ దూరం నుంచే తేల్చుకున్నాను.

అందుకే ప్రైమర్ తెలుపు. ఈ మధ్య ఫ్యాషన్ నల్ల ప్రైమర్ కొట్టి పైనుంచి తెలుపు చల్లడం, నీడలు వాటంతటవే వస్తాయి, పెద్ద బొమ్మలకి బాగుంటుంది. పాత చిన్న బొమ్మలకి మాత్రం తెలుపు మీద వేసిన రంగే వెలుగుతుంది. ఇది మనకి కొత్త సంగతేం కాదు. కొండపల్లి బొమ్మని తెల్లపొణికి కర్రతో చెక్కి, చింతగింజల జిగురులో రంపప్పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సున్నం పూత పూశాకే కదా రంగులు వేసేది. మా ఇంట్లో కొలువు పెట్టె తెరిచి ఆ ఏనుగు అంబారీని నా గోబ్లిన్ పక్కన పెట్టి చూశాను. ఆ బొమ్మ రంగులు గదికి ఆ చివర నుంచి కూడా ఎందుకు కనిపిస్తాయో అప్పుడు అర్థమైంది: కింద తెల్లటి సున్నం, పైన కలపని పచ్చి రంగులు, కళ్లకి నల్లటి గీత. ఇక్కడి వాతావరణంలో స్ప్రే ప్రైమర్‌తో తలనొప్పి ఉంది, తేమా చలీ ఉన్నరోజు కొడితే ఉపరితలం ఇసుక చల్లినట్టు గరుగ్గా వస్తుంది. చలికాలంలో కుంచెతోనే పూస్తాను.

రంగులు అక్రిలిక్, పాల చిక్కదనానికి నీళ్లు కలిపి రెండు పల్చటి పూతలు. డబ్బాలో తడి వంటింటి టిష్యూ పరిచి దాని మీద బేకింగ్ కాగితం వేస్తే రంగు గంటలకొద్దీ ఆరదు, దీనికి షాపులో డబ్బులు తగలేయక్కర్లేదు. కుంచె మరీ సన్నది కొనొద్దు, దాని కొసకి చేరేలోపు రంగు ఆరిపోతుంది. ఒకటో నంబరు, పొట్ట నిండుగా, మొన పదునుగా ఉండే సేబుల్ (జంతువు వెంట్రుకల) కుంచె ఒక్కటి చాలు. గోబ్లిన్ చర్మానికి ముందు మధ్యరకం ఆకుపచ్చ, దాని మీద ముదురు వాష్ (నీళ్లలా పల్చటి రంగు), అది గుంటల్లో దిగి ఆరాక పసుపు కలిపిన ఆకుపచ్చ ముక్కు మీద, బుగ్గల మీద, పిడికిళ్ల మీద. పెదాలకి ఎరుపు. ఈ ఎరుపూ పచ్చా పక్కపక్కన పెట్టడం ఎనభైల పద్ధతే, ఇప్పటివాళ్లు అన్నిటికీ బురద రంగు పులిమి "రియలిస్టిక్" అంటారు, బల్ల మీద పెడితే పదిమంది కలిసి ఒక మట్టిముద్ద. ప్రతి అంచుకీ తెల్లగీత లాగే కొత్త పద్ధతి కూడా వీటికి నప్పదు, పాత శిల్పంలో అంత పదునైన అంచులే ఉండవు. కళ్లు వేయడానికి నాకు కళ్లజోడు మీద కళ్లజోడు కావాల్సి వస్తోంది, ఆ టెన్షన్ వేరు. చివర్లో ముందు మెరిసే గ్లాసీ వార్నిష్, దాని మీద మెరుపులేని మ్యాట్ వార్నిష్. మొదటిది రక్షణకి, రెండోది మెరుపు చంపడానికి. బేస్ అంచుకి గడ్డి ఆకుపచ్చ, అది సంప్రదాయం, అడక్కండి.

ఇక నేలమాళిగ. హీరోక్వెస్ట్ బోర్డు మీద 26 అడ్డం 19 నిలువు, మొత్తం 494 గళ్లు. అన్నీ ఫోమ్‌తో కట్టాలని కూర్చుంటే పదవీ విరమణ వరకు పని దొరుకుతుంది. అందుకని ఏ ఆటకైనా కలుపుకునేలా విడి ముక్కలు: కొన్ని గదులు, రెండు గళ్ల వెడల్పు నడవాలు, మూలలు. ఇలాంటి నేలమాళిగ ఆటల్లో చాలాసార్లు గడి అంటే ఒక అంగుళం, కథలో ఐదడుగులు. బేస్ 25 మిల్లీమీటర్లు, అంగుళం 25.4, అంటే బొమ్మ గడిలో పడుతుంది కానీ ముందుకు చాచిన ఈటె పక్కవాడి కంట్లో పొడుచుకుంటుంది. నేను గడిని 30 మిల్లీమీటర్లు చేశాను.

ఫోమ్ అంటే మనం స్కూలు ప్రాజెక్టులకి వాడే తెల్ల థర్మోకోల్ కాదు, కోస్తే పూసలుపూసలుగా రాలిపోతుంది. ఇళ్ల గోడలకి, కప్పులకి చలి రాకుండా వేసే ఎక్స్‌పీఎస్ పలక కావాలి, నీలం లేదా గులాబీ రంగులో ఉంటుంది, గట్టిగా, లోపలంతా ఒకేలా ఉంటుంది. కొత్త బ్లేడుతో కోయాలి, మొద్దుబారితే చింపుతుంది కాబట్టి బ్లేడు కొస మాటిమాటికీ విరిచి పారేస్తుండాలి. వేడి తీగతో కోసే పరికరం వాడితే కిటికీలు తెరవండి, ఆ పొగ మంచిది కాదు. గళ్ల గీతల్ని బాల్‌పెన్నుతో నొక్కి గీశాను, కొన్ని బండలకి పగుళ్లు, కొన్నిటికి మూల చెక్కేయడం. తర్వాత వంటింటి అల్యూమినియం రేకుని ఉండ చుట్టి నేల మీద దొర్లిస్తే నిజం రాయి గరుకు వచ్చేస్తుంది. ఇంత చవకైన పనికి ఇంత ఫలితం ఈ హాబీలో ఇంకెక్కడా లేదు, మా వాడు పలక మొత్తం దొర్లించి ఇంకో పలక ఇవ్వమన్నాడు.

దీని మీద స్ప్రే డబ్బా కొట్టకూడదు, అందులోని ద్రావకం ఫోమ్‌ని కరిగించేస్తుంది. నల్ల రంగులో పీవీఏ జిగురు, అంటే మన ఫెవికాల్ జాతిది, కలిపి దట్టంగా పూస్తే రంగు పడుతుంది, ఫోమ్‌కి పెంకు కూడా ఏర్పడుతుంది. అడుగున అట్ట అతికిస్తే పైన మాత్రమే పూసినప్పుడు ఆరుతూ వంగిపోతుంది, కింద కూడా అదే పూయాలి. ఆరాక ముదురు బూడిదరంగు, దాని మీద లేత బూడిదరంగు డ్రైబ్రష్: కుంచెకి రంగు అంటించి టిష్యూ మీద దాదాపు తుడిచేసి, మిగిలిన కాస్తతో ఎత్తుగా ఉన్నచోట్ల రుద్దడం. అక్కడక్కడా ఒక రాయికి గోధుమరంగు, గోడ మొదట్లో పాచి పచ్చ. ఇక్కడ నన్ను నేను ఆపుకోవాల్సి వచ్చింది. నేల ఎంత అందంగా చేస్తే బొమ్మలు అంతగా అందులో కలిసిపోతాయి. చెయ్యి చాచినంత దూరం నుంచి చూస్తే తెలుస్తుంది, నేల మసగ్గా, చల్లటి రంగులో ఉంటేనే ఎర్ర పెదాల గోబ్లిన్ ఎక్కడున్నాడో కనిపిస్తాడు. లేత బూడిదరంగు చివరి పూత ఇంకోటి వేయాలనిపించినా ఆపేశాను.

గోడల ఎత్తు మీద ఇంట్లో పెద్ద చర్చ. నిజమైన ఎత్తు కడితే ఫోటోల్లో అద్భుతం, కానీ ఎదురుగా కూర్చున్నవాడికి గదిలో ఏముందో కనిపించదు, బొమ్మ జరపడానికి చెయ్యి దూరదు, స్లీవ్ తగిలి గోడ పడుతుంది. బొమ్మ నడుం దాకా వచ్చేలా కోసేశాను. ఫోమ్ తేలిక కాబట్టి బల్ల మీద జారుతుంది, అడుగున ఇనుప వాషర్లు అతికించాక కుదురుగా కూర్చుంది. తలుపులు కాఫీ షాపుల్లో ఇచ్చే చెక్క పుల్లలతో, మేకులు గుండుసూది తలలతో. మూలల్లో మట్టికి వాడేసిన టీ పొడి, మన ఇళ్లల్లో మరిగించే రకానిది. ఓవెన్‌లో పూర్తిగా ఎండబెట్టి పీవీఏతో అతికిస్తే రాలిన మట్టిపెళ్లల్లాగే కనిపిస్తుంది, పచ్చిగా ఉంటే మాత్రం బూజు పడుతుంది.

హైదరాబాద్‌లో ఉన్న మా బావమరిది ఇవన్నీ వీడియో కాల్‌లో చూసి అక్కడ కుదురుతుందా అన్నాడు. నేలమాళిగ హాయిగా కుదురుతుంది. కప్పు ఇన్సులేషన్ అమ్మేవాళ్ల దగ్గర ఎక్స్‌పీఎస్ దొరుకుతుంది, ఫెవికాల్ ఉంది, ఎంసీల్ ఉంది, స్టేషనరీ షాపులో అక్రిలిక్ రంగులు గోడలకి సరిపోతాయి, మొహాలకి మాత్రం కొంచెం నాణ్యమైనవి కొనుక్కోవాలి. పాత సీసం బొమ్మల కోసం ఆరాటపడొద్దన్నాను, అక్కడ 3డీ ప్రింట్ చేసిచ్చేవాళ్లు ఉన్నారు.

మొన్న శనివారం మా వాడూ, వాడి స్నేహితులిద్దరూ, ఎదురింటి తాతగారూ కూర్చుని ఆడారు. నా కెవ్ ఆడమ్స్ గోబ్లిన్లు మొదటి గదిలోనే చచ్చారు, ఒకడి చెవి మీద రంగు కూడా లేచింది. ఇప్పుడు మెట్లు కావాలంటున్నారు. నేను నిజం మెట్లలా సన్నగా, అంగుళానికి నాలుగు వచ్చేలా గీసి చూపించాను. వాటి మీద బేస్ నిలబడదు కదా నాన్నా, ఒక్కో మెట్టు గడంత వెడల్పు ఉండాలి అన్నాడు. చూడ్డానికి మెట్లలా ఉండవురా, అరుగుల్లా ఉంటాయి అన్నాను. తాతగారు వాడి వైపే ఓటేశారు. ఫోమ్ అరుగులు మూడు కోసి పెట్టాను, నల్ల పూత ఆరుతోంది.